నాలుగుసార్లు సూది వేయించినా ఆవు కట్టలేదు. తప్పు ఎవరిది?

కడప జిల్లా నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. సారాంశం ఇది.

మహిళా సంఘంలో అప్పు తీసుకుని చిత్తూరు వైపు నుంచి రెండు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) సంకర ఆవుల్ని, ఒక పెయ్యను కొన్నారు. నల్లావు డిసెంబరు మొదట్లో ఈనింది. ఫిబ్రవరి 26న, మార్చి 19న, ఏప్రిల్ 9న, మే 14న నాలుగుసార్లు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు. ఒక్కటీ నిలవలేదు. రెండోసారి వేసింది ఆడదూడలే పుట్టే రకం స్ట్రా (ఆబోతు వీర్యాన్ని గడ్డకట్టించి నింపిన సన్నటి గొట్టం). మే నెలలో ఎదకు వచ్చినప్పుడు తీగలో (ఎదలో మానం నుంచి జారే జిగురులో) తెల్లటి పొరలు కనిపించాయి. జూన్ 4న మళ్లీ ఎదకు వచ్చింది గానీ ఈసారి ఎవర్నీ పిలవలేదు. ఎర్రావు మార్చి మధ్యలో ఈనింది. ఇంతవరకు ఎద లక్షణమే చూపలేదు, చిక్కిపోయి ఎముకలు తేలాయి. పెయ్య మాత్రం మార్చి చివర్లో వేసిన ఒక్క సూదికే కట్టింది, డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూడి అని ఖాయం చేశారు.

ఇంట్లో గొడవ వేరే ఉంది. ఊళ్లో పశువులకు ఎద సూదులు వేసే కార్యకర్త, అంటే గోపాలమిత్ర, ఈవిడకు వరుసకు తమ్ముడు, చిన్నాన్న కొడుకు. 'వాడు చచ్చిన స్ట్రాలు తెచ్చి వేస్తున్నాడు' అని భర్త అతనితో మాటలు మానేశారు. తమ్ముడేమో 'ఆవులోనే లోపం ఉంది' అన్నాడు. రెండు ఆవుల్నీ సంతలో అమ్మేసి గేదెలు కొందామని భర్త పట్టు. 'ఈ ఎండల్లో ఏదీ కట్టదు, వానలు పడనీ. ఆషాఢంలో మాత్రం వేయించొద్దు' అని అత్తగారి మాట. సంఘం కంతు నెలనెలా కట్టాలి. కొట్టం ఎనిమిది అడుగుల ఎత్తులో వేసిన సిమెంటు రేకుల షెడ్డు, పడమర ఎండ నేరుగా కొడుతుంది. మధ్యాహ్నం పైపుతో ఒకసారి ఆవుల్ని తడుపుతారు. సాయంత్రం మూడు నాలుగు గంటలప్పుడు నల్లావు నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతుందట. నాలుగింట్లో రెండుసార్లు దాన్ని మిట్టమధ్యాహ్నం ఆస్పత్రి బోను దాకా నడిపించుకెళ్లి సూది వేయించారు.

'టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆవులు అమ్మాలా, ఉంచాలా? తమ్ముణ్ని మార్చాలా? అసలు తప్పు ఎవరిది?' అని అడిగారు.

అమ్మా,

తేదీలన్నీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోవడం మంచిదైంది. సగం జవాబు ఆ తేదీల్లోనే ఉంది. సూది వేసిన తర్వాత ఆవు సరిగ్గా 21 రోజులకు తిరిగి ఎదకు వచ్చిందంటే అండం, వీర్యకణం కలవనైనా కలవలేదు, లేదా కలిసిన తొలి రోజుల్లోనే పిండం చనిపోయింది. మీ నల్లావు ఫిబ్రవరిలో, మార్చిలో చేసింది అదే. కానీ ఏప్రిల్ 9 తర్వాత అది తిరిగి వచ్చింది మే 14న, అంటే 35 రోజులకు. మధ్యలో ఒక ఎదను మీరు గమనించక వదిలేసి ఉంటే 42 రోజులు రావాలి. ఇలా 21కీ 42కీ మధ్యలో వచ్చిందంటే ఏప్రిల్ సూది నిలిచి, రెండు మూడు వారాల తర్వాత పోయిందనే అనుమానించాలి. ఆ వెంటనే వచ్చిన ఎదలోనే తెల్ల పొరలు కనబడటం ఈ అనుమానానికి బలం. కాబట్టి నల్లావు గొడ్డుది అయ్యే అవకాశం తక్కువ. తమ్ముడి స్ట్రాలన్నీ చచ్చినవన్న మాట కూడా నిలబడదు. అదే నెలల్లో, అదే చేత్తో వేసిన సూదికి మీ పెయ్య ఒక్క దెబ్బకే కట్టింది కదా. ఈ సంగతి మీ ఆయనకు మీరు వాదనగా చెప్పకండి, క్యాలెండరు చేతికిచ్చి చూడమనండి.

మరి పెయ్యకు నిలిచింది పాడి ఆవుకు ఎందుకు నిలవలేదు? పాలిచ్చే ఆవు ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది. మేత అరిగేటప్పుడూ వేడే, పాలు తయారయ్యేటప్పుడూ వేడే. పెయ్యకు ఆ భారం లేదు. ఆవు ఒంటి వేడి మామూలుగా 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. అది ఒక డిగ్రీ పైకి ఎక్కి గంటల తరబడి అక్కడే ఉంటే గర్భసంచిలో కూడా అంతే వేడి. కలిసిన అండానికి మొదటి మూడు రోజులు వేడి తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. నాలుగైదు రోజులు దాటాక కొంత నిలదొక్కుకుంటుంది. అమెరికాలో ఫ్లోరిడా లాంటి ఎండ ప్రాంతాల్లో ఏడు రోజుల పిండాన్ని తెచ్చి ఆవు గర్భసంచిలో పెడితే, మామూలు సూది కంటే ఎండాకాలంలో బాగా నిలుస్తుందని తేలింది. ఆ తొలి వారం గండం పిండం బయటే దాటేసిందన్న మాట. ఇక మీరు నల్లావును రెండుసార్లు మిట్టమధ్యాహ్నం నడిపించి తీసుకెళ్లారు. తీసుకొచ్చి మళ్లీ ఆ రేకుల కిందే కట్టేశారు. ఎవరి తప్పు అని అడిగారు గనక చెబుతున్నాను, ముందు అనుమానించాల్సింది ఆ రేకుల్ని.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అది దాటింది, మృగశిర చల్లబరుస్తుంది, ఇక సూది నిలుస్తుందని మీ అత్తగారి నమ్మకం. ఆమె మాటలో కొంత నిజముంది, కొంత లేదు. లేనిది ముందు చెబుతాను. ఎండనూ గాలిలో తేమనూ కలిపి లెక్కగట్టే సూచీ ఒకటుంది, టీహెచ్‌ఐ అంటారు. అది 72 దాటితే పాడి ఆవుకు ఇబ్బంది మొదలైనట్టే, ఎక్కువ పాలిచ్చేవాటికి ఇంకా ముందే మొదలవుతుంది. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మే నెల మధ్యాహ్నానికి ఆ సూచీ 84 వస్తుంది. తొలకరి పడ్డాక 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజుకు 87 వస్తుంది. మనకు చల్లబడినట్టే ఉంటుంది, ఆవుకు ఉక్క పెరుగుతుంది, ఒంటి మీద చెమట ఆరదు. పైగా ఆవు ఈ రోజు విడుదల చేసే అండం వారాలు, నెలల ముందు నుంచే ఎదుగుతూ వచ్చినది. మేలో ఎండదెబ్బ తిన్న అండాలు జూలైలో, ఆగస్టులో కూడా బయటపడుతుంటాయి. అందుకే వానలు మొదలైనా రెండు మూడు ఎదల దాకా ఫలితం అంతంతమాత్రంగానే ఉంటుంది. అప్పుడే చాలామంది విసిగిపోయి ఆవును సంతకు తోలేస్తారు.

ఇక అత్తగారు గెలిచే చోటు. ఆషాఢంలో కొత్త దంపతుల్ని వేరుగా ఉంచడానికి పెద్దలు చెప్పే కారణం మీకు తెలిసిందే, చైత్ర వైశాఖాల ఎండల్లో పురుడు రాకూడదని. ఆవు కూడా తొమ్మిది నెలల పది రోజులు, అంటే సుమారు 280 రోజులు మోస్తుంది. జూన్ చివర నల్లావుకు సూది నిలిచిందనుకోండి, ఏప్రిల్ మొదట్లో ఈనుతుంది. మళ్లీ సూదికి సిద్ధమయ్యేసరికి రెండు మూడు నెలలు గడిచి జూన్ వస్తుంది. ఈ ఏడు పడ్డ గుంతలోనే వచ్చే ఏడూ పడతారు. అక్టోబరులో నిలిస్తే జూలైలో ఈని, సెప్టెంబరు చివర నుంచి సూదికి వస్తుంది. అప్పటికి ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది. ఆవుల విషయంలో కూడా ఆషాఢం మాట కొట్టిపారేయదగ్గది కాదు.

అయితే ఆగడం ఉచితం కాదు. నల్లావు ఈని ఆరు నెలలైంది. అక్టోబరు దాకా ఆగితే అప్పటికి పది నెలల పాడి అయిపోతుంది, పాలు బాగా తగ్గిపోతాయి. జూలైలో ఈనేదాకా ఆరేడు నెలలు పాలు లేని ఆవును మేపాలి. కంతు మాత్రం ఆగదు. ఎర్రావు మార్చిలో ఈనింది గనక దానికి ఈ దెబ్బ తక్కువ. జూలైలో ఈనే ఆవుకు చివరి రెండు నెలలు మే, జూన్‌లో పడతాయి. ఆ రోజుల్లో చూడి ఆవును ఎండకు వదిలేస్తే తర్వాతి ఈతలో పాలు తగ్గుతాయి, దూడ కూడా బలహీనంగా పుడుతుంది. వట్టిపోయిందని దాన్ని చెరువు గట్టున కట్టేసి రావడం మన ఊళ్లలో మామూలే గానీ, ఆ పని చేయకూడదు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడే వేయిస్తూ పోవడం. కొట్టం ఇలాగే ఉంటే డబ్బు, ఓపిక రెండూ పోతాయి. అదీగాక తెల్ల పొరలు కనిపించిన ఆవుకు గర్భసంచి బాగుపడకముందే సూది వేయడం దండగ. రెండు, అక్టోబరు దాకా ఆగడం. దాని ఖర్చు పైన చెప్పాను. మూడు, ఈ నెలలోనే కొట్టానికి చలువ ఏర్పాటు చేసి, డాక్టరుతో ఆవుల్ని పరీక్ష చేయించి, నల్లావుకు ఒకటి రెండు ఎదలు విశ్రాంతి ఇచ్చి, తర్వాత ప్రయత్నించడం. చలువ ఏర్పాటు గట్టిగా ఉంటే ఏ నెలలో నిలిచినా భయం లేదు, లేకపోతే నెల చూసుకోక తప్పదు. నా మొగ్గు మూడో దారికే. ఎంత ఖర్చు పెట్టగలరో, కంతు ఎన్నాళ్లు నెట్టుకు రాగలరో మీకే తెలుసు.

చలువ ఏర్పాటు అనగానే లక్షలు అనుకోకండి. ముందు ఒక డిజిటల్ థర్మామీటరు కొనండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఒకసారి ఆవు మలద్వారంలో పెట్టి చూడండి. మధ్యాహ్నం 102.5 దాటితే ఎండ ఆవును పట్టుకున్నట్టే. థర్మామీటరు లేని పూట డొక్క చూసి లెక్కపెట్టండి. నిమిషానికి 60కి మించి ఎగిసిపడుతుంటే అదే గుర్తు. నోరు తెరిచి చొంగ కార్చే దాకా వచ్చిందంటే ఆవు ఆ హద్దు దాటి చాలాసేపయినట్టు లెక్క.

రేకుల మీద సున్నం కొట్టించి, పైన కొబ్బరి మట్టలో, చెరకు ఆకో, వరిగడ్డో మందంగా పరిపించండి. పడమటి వైపు గోనె సంచులు కట్టి తడుపుతూ ఉండండి. పక్క గోడ గాలికి అడ్డంగా ఉంటే నడుము ఎత్తుకు మించి ఉంచకండి. కానుగ చెట్టో వేప చెట్టో ఉంటే పగలు అక్కడే కట్టండి, ఏ రేకుల షెడ్డూ దానికి సాటి రాదు. మీరు రోజుకు ఒకసారి తడుపుతున్నారు, దాంతో లాభం తక్కువ. నీళ్లు చర్మం దాకా దిగేలా రెండు మూడు నిమిషాలు వీపు, పక్కలు తడిపి, ఆ తర్వాత ఫ్యాను గాలి తగలనివ్వాలి. ఒంటి వేడిని లాగేది ఆరే నీళ్లే. గాలి లేకుండా ఊరికే తడిపితే కొట్టంలో ఉక్క పెరుగుతుంది. ఆరాక మళ్లీ తడపాలి. పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు చేయండి. పొదుగు మీదికి నీళ్లు కారకుండా చూసుకోండి, పొదుగువాపు వస్తుంది. కడప ఎండ పొడి ఎండ గనక మేలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. వానలు మొదలయ్యాక నీళ్ల కంటే ఫ్యానుకే ఎక్కువ పని. కరెంటు బిల్లు పెరుగుతుంది, ఆ మాట మీ ఆయనకు ముందే చెప్పండి.

తాగే నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండాకాలంలో పాడి ఆవు రోజుకు 80 నుంచి 100 లీటర్ల దాకా తాగుతుంది. మిద్దె మీది నల్ల ట్యాంకులో కాగిన నీళ్లయితే అన్ని తాగదు. తొట్టి నీడలో ఉండాలి, రాత్రి కూడా నిండుగా ఉండాలి.

ఎండుగడ్డి మధ్యాహ్నం వేయకండి, అది అరిగేటప్పుడే ఎక్కువ వేడి పుడుతుంది. రాత్రికి, తెల్లవారుజాముకు మార్చండి. పచ్చిమేత, దాణా చల్లటి వేళల్లోనే ఇవ్వండి. ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు మానకండి. వంటసోడా, బైపాస్ కొవ్వు (మొదటి పొట్టలో కరగకుండా పేగుల్లో అరిగే కొవ్వు) ఎంత కలపాలో మీ దాణా చూసి డాక్టరు చెబుతారు. అత్తగారు పెడతానంటున్న మొలకెత్తిన పెసలు పెట్టనివ్వండి, నష్టమేమీ లేదు. సూది పని మాత్రం అవి చేయవు.

ఎర్రావు ఎదకు రావడం లేదన్నారు. ఈని 80 రోజులే అయింది, చిక్కిపోయింది కూడా, కంగారు పడేంత ఆలస్యం కాదు. ఎండాకాలంలో ఎద ఎన్నో ఆవుల్లో మూగగా నడిచిపోతుంది. అరవదు, తోటి ఆవుల మీదికి ఎక్కదు, ఎద ఉండే గంటలు కూడా తగ్గుతాయి. ఉన్న కాస్త లక్షణమూ రాత్రి చల్లబడ్డాకే బయటపడుతుంది. రాత్రి తొమ్మిది పది మధ్య ఒకసారి, తెల్లవారి నాలుగైదు మధ్య ఒకసారి టార్చి లైటుతో కొట్టంలోకి వెళ్లి కాసేపు నిలబడండి. తోక కుదురు దగ్గర ఎండిపోయిన తీగ మరక, ఆవు పడుకున్న చోట నేల మీద జిగురు, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం, ఆ పూట పాలు తగ్గడం, వీటిలో ఏది కనబడినా తేదీ రాసుకోండి. తీగ కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉందా, పొరలు ఉన్నాయా అన్నది కూడా రాయండి. రాత్రి కనబడితే పొద్దున ఆరింటికి, పొద్దున కనబడితే సాయంత్రం ఎండ వాలాక సూది. మధ్యాహ్నం వేళ ఆవును ఆస్పత్రికి నడిపించే పని ఇక వద్దు, తమ్ముణ్నే కొట్టానికి రమ్మనండి. సూది తర్వాత కనీసం వారం రోజులు ఆ ఆవుకు చలువలో అందరికంటే పెద్దపీట వేయండి.

అప్పటికీ ఎర్రావు ఎద దొరకకపోతే డాక్టరు అండాశయాలు చూస్తారు. అవి పనిచేస్తుంటే హార్మోన్ ఇంజెక్షన్లు వరుసగా ఇచ్చి, ఎద కోసం ఎదురుచూడకుండా ఫలానా గంటకని లెక్క కట్టి సూది వేసే పద్ధతి ఉంది. పది రోజుల కోర్సు, ఖర్చు ఉంటుంది. అండాశయాలు నిద్రపోతుంటే ముందు మేత సరిచేయాలి, మందు తర్వాత. ఒక జాగ్రత్త. ఆ వరుసలో ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ మందు చూడి ఆవుకు పడితే ఈసుకుపోతుంది (కడుపు పోతుంది), చూడి లేదని ఖాయమయ్యాకే ఇవ్వాలి. ఆ మందు చర్మం గుండా మనిషి ఒంట్లోకి కూడా దిగుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసాను, సిరంజిని ముట్టకూడదు. సాయం పట్టేది ఇంట్లో ఆడవాళ్లే గనక ఇది గుర్తుపెట్టుకోండి. నల్లావుకు తెల్ల పొరల కారణం తెలిసేదాకా ఎవరో చెప్పారని గర్భసంచిలోకి మందులు ఎక్కించకండి.

ఆడదూడల స్ట్రా మీద ఆశ అందరికీ ఉంటుంది. కానీ అందులో వీర్యకణాల సంఖ్య తక్కువ, నిలిచే అవకాశమూ మామూలు స్ట్రా కంటే తక్కువే. ఆరోగ్యంగా ఉన్న పెయ్యలకు, చల్లటి నెలల్లో వాడుకోవాల్సిన సరుకు అది. తిరగబెడుతున్న నల్లావుకు మామూలు స్ట్రానే వేయించండి. ఆ స్ట్రా జెర్సీదో, సాహివాల్‌దో అయితే పుట్టబోయే దూడకు మీ ఎండను తట్టుకునే శక్తి కొంత ఎక్కువ ఉంటుంది. పాలు కొంచెం తగ్గొచ్చు, అది మీరు తేల్చుకోవాల్సిన లెక్క.

తమ్ముడి విషయం. మార్చడం, మార్చకపోవడం మీ ఇష్టం. మారిస్తే ఊళ్లో రెండిళ్ల మధ్య మాట పోతుంది, కొత్తగా వచ్చినవాడు కూడా ఇదే రేకుల కింద ఇదే ఆవుకు సూది వేస్తాడు. అలాగని ఎండాకాలంలో స్ట్రాలు పాడవవని నేను అనడం లేదు. స్ట్రాలను గడ్డకట్టించి ఉంచే క్యానులోని నత్రజని ద్రవం త్వరగా ఆవిరవుతుంది, క్యాను ఇంట్లో వదిలేసి స్ట్రాను చొక్కా జేబులో వేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అడిగే తీరులో అడగండి. 'ఈసారి క్యాను ఇక్కడికే తీసుకురా తమ్ముడూ, నేను గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు సిద్ధంగా పెడతా' అనండి. నీళ్లు 37 డిగ్రీల సెంటిగ్రేడ్ ఉండాలి, స్ట్రా అందులో అర నిమిషం ఉండాలి. థర్మామీటరు పెట్టి చూడండి, ఆవుకు వాడినది మాత్రం కాదు. తీశాక ఆలస్యం లేకుండా వేయాలి. స్ట్రా మీద ఆబోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది, దాన్ని మీ క్యాలెండరులో తేదీ పక్కనే రాయండి. పని సరిగ్గా చేసేవాడు దీనికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే అప్పుడు ఆలోచించండి.

మీ ఆయన గేదెల మాట. గేదె ఒళ్లు నలుపు, చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ, ఎండను ఆవు కంటే తక్కువే తట్టుకుంటుంది. మునగడానికి చెరువో గుంటో లేని చోట మరీ కష్టం. ఎండాకాలంలో ఎద మూగగా పోవడం గేదెల్లోనే ఎక్కువ, ఎక్కువగా చలికాలం దగ్గరపడ్డాకే ఎదకు వస్తాయి. వెన్న శాతం, ధర బాగుంటాయన్నది నిజమే, ఆ లెక్కన కొంటానంటే అది వేరే మాట. ఎద కోసమైతే ఆవుల్ని ఇచ్చి గేదెల్ని తెచ్చుకున్నా లాభం లేదు. ఇంకోటి, కట్టని ఆవును ఇప్పుడు సంతకు తోలితే దక్కేది కోత ధరే. అదే ఆవు మూడు నెలల చూడితో ఉంటే బేరం తీరే వేరు. అమ్మక తప్పని పరిస్థితి వస్తే ఒకదాన్ని, అదీ చూడి కట్టాక అమ్మండి. కంతు మరీ బరువైతే సంఘంలో ముందే మాట్లాడి గడువు అడగండి, ఎగ్గొట్టాక అడిగితే వినరు.

జూన్ 4న ఎదకు వచ్చింది గనక నల్లావు 25 ప్రాంతంలో మళ్లీ వస్తుంది. ఆ రోజు సూది కోసం కాకుండా పరీక్ష కోసం డాక్టర్ని పిలవండి, ఎదలో ఉన్నప్పుడే తీగ, గర్భసంచి బాగా తెలుస్తాయి. ఏం చెప్పారో, మధ్యాహ్నం మూడింటికి థర్మామీటరు ఎంత చూపించిందో మళ్లీ రాయండి.